అంచు లోపలి పేరు

కుప్పం,
సెప్టెంబరు 1997

ఒరే భీమా,

నువ్వు ఈ ఉత్తరం ప్రెస్సులో నిలబడే చదువుతావు కాబట్టి ముందే చెప్తున్నా, గట్టిగా అరవొద్దు. మీ ఓనరు గోపాలస్వామి ఉలిక్కిపడి సిరా డబ్బా ఒలకబోసుకుంటాడు.

నా పెళ్లి కుదిరింది.

అమ్మ నీకు చెప్పే ఉంటుంది. కానీ అమ్మ చెప్పింది "అబ్బాయి మంచోడు" అన్నంతవరకే అయ్యుంటుంది. పేరు మునిరత్నం. ఊరు సోమల. ఇక్కడే ఒక గవర్నమెంటు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. పోయిన వేసవిలో వాళ్ల చెల్లెలికి టైఫాయిడ్ వస్తే మా వార్డులోనే చేర్చారు. రోజూ ఆఫీసు వదలగానే సైకిలు మీద వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఆ పిల్లకు నారింజ తొనల్లో గింజలు తీసి మరీ తినిపించేవాడు. నేను చూసింది అది. మిగతాది నీకు రాయను, ఎగతాళి చేస్తావు. వాళ్లూ మనలాగే ఊరి బయటి పల్లెవాళ్లు, మనలాగే చర్చికి పోయేవాళ్లు. ఇంట్లో ఇమ్మానుయేలు అంటారు.

పెళ్లి ఫిబ్రవరి రెండోవారంలో, మదనపల్లెలో, మన చర్చిలో. ఆ రోజంతా నా తలలో ఇప్పటికే ఒకసారి జరిగిపోయింది. కారు వద్దు, రెడ్డెప్ప మామ ఆటోకే రిబ్బన్లు కడదాం. ఆయన హారన్ మాత్రం కొట్టకూడదు. కేకు ఇక్కడి బేకరీలో చెప్పి బస్సులో తీసుకురావాలి. పుంగనూరు గుంతల రోడ్డు దాటేసరికి అది కేకుగా ఉంటుందో ఉప్మాగా ఉంటుందో చూద్దాం. భోజనాలు చర్చి వెనకాల.

ఇక గౌను. శాంతమ్మ టీచరు ట్రంకుపెట్టెలో ఉండే గౌను. ఎవరో దొరసాని టీచరు వెళ్లిపోతూ చర్చికి ఇచ్చి పోయిందే, ఏ పిల్ల పెళ్లయినా ఆ పిల్లకు సరిచేసి ఇస్తారే, అదే. చిన్నప్పుడు చర్చి మెట్ల మీద కూర్చుని, పెళ్లికూతురు ఎక్కుతుంటే అంచు తాకి పరిగెత్తేవాళ్లం. నువ్వొకసారి జామపండు చేత్తో తాకి మరక చేసి వీపు వాయించుకున్నావు. నాకు ఆ గౌనే కావాలి. బెంగుళూరు పోయి కొనుక్కున్నది వద్దు.

దాని సంగతి నీకు తెలియనిది ఒకటుంది. గౌను ఎవరి ఒంటికి సరిచూస్తారో వాళ్లు ఆ రోజే అంచు లోపలివైపు తెల్లదారంతో తమ పేరు కుట్టాలి. తెల్లబట్ట మీద తెల్లదారం. పెళ్లిలో ఎవరికీ కనిపించదు. కాళ్ల దగ్గర అందరి పేర్లూ తగులుతూ ఉంటాయట. మా హెడ్ నర్సు చెప్పింది, ఆమె పేరూ అందులో ఉంది.

కార్డుకు అక్షరాలు నువ్వే పేర్చాలి. వేరేవాళ్ల చెయ్యి పడకూడదు. ఒక్క మాట మాత్రం విను. కార్డులు మదనపల్లె, పుంగనూరు, సోమల వాళ్లకే. కుప్పానికి ఒక్కటి కూడా పంపొద్దు. ఇక్కడివాళ్లకు మేమే నోటితో చెప్పుకుంటాం. ఎందుకని అడగొద్దు. ఎవరితోనూ పోట్లాడొద్దు.

మీ అక్క
వాణి

*

పుంగనూరు,
సెప్టెంబరు 1997

అక్కా,

అరిచాను. సిరా ఒలికింది.

"ఏమప్పా, యాడన్నా మంటలంటుకునిందా?" అన్నాడు గోపాలస్వామి. మా అక్క పెండ్లి అన్నాను. "అట్లయితే ఆ కరపత్రం పక్కనబెట్టి ముందు కార్డు ఎయ్యి. కాయితం నేనిస్తా, మెరుపు కాయితం" అన్నాడు. కరపత్రం పక్కన పెట్టనన్నాను. ఆయన సంతోషంగా తిట్టాడు, నేనూ సంతోషంగానే తిట్టాను.

గౌను విషయానికి వస్తాను. నాకు ఇష్టం లేదు.

ఏ దేశపు చలికి పుట్టిన బట్ట అది? మణికట్టుదాకా చేతులు, మెడదాకా బొత్తాలు, నేల ఊడ్చే తోక. నీకు దొరసాని వేషం ఎందుకు? తెలుపు అంటే పవిత్రమని నీకు ఎవరు చెప్పారు? మన అమ్మ కట్టిన చీర ఏదైనా ఒక్క పూట తెల్లగా నిలిచిందా? అంటే అమ్మ పవిత్రం కాదా? ఈ మధ్య నాకొక చిన్న పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసినవాడి పేరు కూడా లేదు. అందులో ఆయన అడుగుతాడు, పెళ్లిరోజు ఆడదాన్ని బొమ్మలా అలంకరించేది ఎందుకని. అలంకరించినదాన్ని కదలొద్దు అనడం సులువు కాబట్టి, అంటాడు. ఆ వాక్యం కింద నేను మూడు గీతలు గీశాను.

నా ప్రతిపాదన ఆదర్శ వివాహం. ఒక బల్ల, రెండు దండలు, ఒక ప్రతిజ్ఞ. ప్రతిజ్ఞ నేను రాస్తాను. (రాసేశాను. నాలుగు పేజీలైంది. తగ్గిస్తాను.) నాన్న నాకు భీమరావు అని ఊరికే పెట్టలేదు. చర్చిలో ఇంకో పేరు పెడతామంటే బాప్తిస్మం గిన్నె ముందే "ఇదే పేరు, ఇదే పెట్టండి" అన్నాడట. ఆయన బతికుంటే నా వైపే ఉండేవాడు.

బావకు రెండు పేర్లు ఎందుకు? ఒకటి చాలదా?

నిన్న పనయ్యాక నీ పేరు పెద్ద టైపులో పేర్చి, సిరా రాసి, ఒక ముక్క కాగితం మీద అద్దాను. బాగా పడింది. ఆ ముక్క జేబులో ఉంది. అయినా గౌను వద్దు.

భీమ

*

కుప్పం,
అక్టోబరు 1997

భీమా,

నీ ప్రతిజ్ఞ చదివి ముగించేసరికి పెళ్లికొచ్చినవాళ్లు తిని, చేతులు కడిగి, ఇళ్లకు చేరి ఉంటారు. ఆయనకు నీ ఉత్తరం చదివి వినిపించాను. "మీ తమ్ముడొస్తే నేను యాడ దాంకోవాలబ్బా?" అన్నాడు. రెండు పేర్ల దగ్గర మాత్రం నవ్వలేదు.

నువ్వు అమ్మ చీర గురించి రాసింది చదివి నాకూ నవ్వు రాలేదు. అందుకే ఇది రాస్తున్నా. నేను నర్సింగు చదువుకు బయల్దేరే ముందురోజు, పెట్టె సర్దుతూ చెప్పింది అమ్మ. నీకు చెప్పలేదు. నువ్వు ఎవరి ఇంటి మీదికో పోతావని భయం.

అమ్మ పెళ్లి కాకముందునుంచే ఆస్పత్రి దుప్పట్లు ఉతికేది కదా. ఎవరి పెళ్లయినా మర్నాడు గౌను అమ్మ దగ్గరికే వచ్చేది. కుంకుడు రసంలో నానేసి, బండకేసి కొట్టకుండా అరచేతులతోనే నలిపి, రెండు పాతచీరల మధ్య నీడన ఆరబెట్టేది. అందరి కూర మరకలూ, కేకు మరకలూ, నీ జామపండు మరకా తీసింది అమ్మే.

తన పెళ్లికి ఆ గౌను అడిగింది. అప్పుడు పెట్టె తాళం శాంతమ్మ టీచరు దగ్గర లేదు, అంతకుముందున్న పెద్దావిడ దగ్గర ఉండేది. "ఇది మిషను కాంపౌండు పిల్లోళ్లకు రాములమ్మా, టీచర్ల బిడ్డలకు, నర్సుల బిడ్డలకు. పల్లె పిల్లోళ్లకు ఇస్తే చినిగిపోతాది" అందట ఆవిడ.

నువ్వేమన్నావమ్మా అని అడిగాను. "ఏమనేది? సరేలేమ్మా అన్నాను. మళ్ల వారం ఇంగో పెండ్లి. మళ్లీ ఉతికినాను" అంది. చెప్తూ చెప్తూ నా లంగాలు మడత పెడుతూనే ఉంది.

నాకు దొరసాని వేషం వద్దు భీమా. అమ్మ ఉతికిన బట్ట కట్టుకుని అమ్మ ముందు నడవాలని ఉంది. అంతే.

వాణి

*

మదనపల్లె,
నవంబరు 1997

అక్కా,

నేను ఓడిపోలేదు, మారాను. రెండింటికీ తేడా ఉంది. దాని మీద వ్యాసం రాయొచ్చు, రాయను.

నీ ఉత్తరం చదివి రెండురోజులు ఎవరితోనూ పోట్లాడలేదు. గోపాలస్వామి నాకు జ్వరమనుకున్నాడు. మూడోరోజు సెలవు పెట్టి మదనపల్లె బస్సెక్కాను. దారంతా ఒకటే అనుకున్నాను, అది బట్ట కాదు, హక్కు. మనవాళ్లను తాకనివ్వని నీళ్ల కోసం కొట్లాడాం. ఉతకనిచ్చి తొడుక్కోనివ్వని గుడ్డ కోసం ఎందుకు కొట్లాడకూడదు? శాంతమ్మ టీచరు కాదంటే ఏం మాట్లాడాలో ఐదు అంశాలు తయారుచేసుకుని పోయాను.

ఆమె కాదనలేదు. "దా నాయనా, తాళం యాడ పెట్టినానో ఎతకాల" అంది. నా ఐదు అంశాలూ వృథా అయ్యాయి.

అమ్మ డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. పెట్టె తెరవగానే నాఫ్తలీను ఉండల వాసన గుప్పుమంది. మనం తెలుపు అనుకున్నది తెలుపు కాదక్కా, మీగడ రంగు. చేతులకు అల్లిక, వీపున గుడ్డ చుట్టిన చిన్న చిన్న బొత్తాలు.

"పిల్ల యాడ? కొలత ఎట్ల తీసేది?" అంది టీచరు. కుప్పంలో డ్యూటీ అన్నాను. ఆమె అమ్మవైపు తిరిగింది. "నీ కూతురు నీ అంతే గదా రాములమ్మా, ఎత్తూ ఒళ్లూ? నువ్వే ఏసుకో."

అమ్మ గోడదాకా జరిగింది. "నేనా? పని చేసి వస్తాండాను టీచరమ్మా, చెమటగా ఉండాను. మురికైతాది."

"అయితే ఉతుకుదువులే. నీకేమన్నా కొత్తనా?"

నన్ను వరండాలోకి తోసి తలుపేశారు. లోపల గుసగుసలు, టీచరు దగ్గు. తర్వాత పిలిచారు.

అమ్మ కిటికీ పక్కన నిలబడి ఉంది. చేతులు రెండూ గౌనుకు తగలకుండా ఎడంగా పట్టుకుని, ఎవరో పట్టుకున్న దొంగలాగా. ఎక్కడా బిగువు లేదు, వదులు లేదు. ఆమెకే కుట్టినట్టుంది.

"సూసినావా? వాణికి సరిపోతాది గదా? ఇంగ తీసేస్తా" అంది. టీచరు వినకుండా వల ముసుగు కూడా తెచ్చి తల మీద పెట్టింది. అమ్మకు నవ్వొచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, గౌను చెయ్యి అని గుర్తొచ్చి ఆపేసుకుని, అలాగే నవ్వింది. అమ్మ నోటికి చెయ్యి అడ్డం లేకుండా నవ్వగా నేను చూడడం ఇదే మొదటిసారి.

అంచు తిప్పి పేర్లు చూపించింది టీచరు. గ్రేసమ్మ, కరుణ, సుందరమ్మ, కొన్ని అరిగిపోయాయి. "ఒంటికి సరిచూసినోళ్లే కుట్టాల, అదే పద్ధతి" అంది. అమ్మ తల అడ్డంగా ఊపింది. "నా బిడ్డ వచ్చి కుట్టుకుంటాది. నాకు అక్షరం యాడొస్తాది? రాత్రిబడిలో నా పేరొకటి నేర్పించినారు, జీతం కాడ సంతకానికి. అది తప్ప ఇంగేదీ తెలీదు."

కాబట్టి నువ్వు క్రిస్మస్‌కు రావాలి. సూదీ దారం అమ్మ అప్పుడే కొని, దేవుడి పటం వెనక పెట్టింది.

నీ పెళ్లిరోజున చర్చి తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లందరికీ నేను చెప్తాను, ఇది ఎవరు ఉతికిన గౌనో.

భీమ

*

కుప్పం,
డిసెంబరు 1997

భీమా,

క్రిస్మస్‌కు రాలేను. డ్యూటీ మార్చుకోవడానికి ఎవరూ దొరకలేదు.

ఇంకొకటి. పెళ్లి చర్చిలో వద్దనుకుంటున్నాం. సోమలలో వాళ్ల ఇంటి ముందు పందిరేసి, చిన్నగా. చీర కట్టుకుంటాను. వాళ్లమ్మ నీరుగట్టువారిపల్లెలో మగ్గాలవాళ్ల దగ్గరికి పోయి ఎర్ర పట్టుచీర చూసి వచ్చిందట. బాగుందట.

కార్డులు వేయొద్దు. వేసి ఉంటే కట్ట విప్పకుండా పక్కన పెట్టు. టీచరుకు, అమ్మకు ఇప్పుడే ఏమీ చెప్పొద్దు. ఆయనకు ఆఫీసులో కాస్త ఇబ్బందిగా ఉంది, అంతే. కోపం తెచ్చుకోకు. వచ్చి మాట్లాడతాను.

కేకు కూడా వద్దులే. ఎలాగూ ఉప్మా అయ్యేది.

వాణి

*

పుంగనూరు,
డిసెంబరు 1997

అక్కా,

"ఆఫీసులో ఇబ్బంది." ఆ ఇబ్బంది ఏమిటో నాకు తెలుసు. రాయడానికి నీకు చెయ్యి రాలేదు, నేను రాస్తాను. ఆయనకు తిరిగే ఫ్యాను కింద కుర్చీ దొరికింది. రేపు ఆఫీసువాళ్లు మదనపల్లె వస్తే పల్లెలో నుంచి నడిచి చర్చికి రావాలి. అత్త ఆస్పత్రిలో దుప్పట్లు ఉతుకుతుందని తెలుస్తుంది. అందుకని సోమల, అందుకని చిన్న పందిరి, అందుకని ఎర్రచీర. చదువుకుని ఉద్యోగాలొచ్చినవాళ్లు మొదట చేసే పని వెనక తలుపు మూసుకోవడమని నేను ఎప్పుడో చదివాను. మన ఇంటికే వస్తుందనుకోలేదు.

ఆ పెద్దావిడ అమ్మకు గౌను ఇవ్వలేదు. ఈయన నీకు ఇవ్వడంలేదు. తేడా ఏముంది? ఆవిడ కనీసం మొహం మీద చెప్పింది.

నువ్వు అమ్మను ఆ గౌనులో చూడలేదు. చూసి ఉంటే ఇలా రాసేదానివి కాదు.

కార్డులు ఎప్పుడో అయిపోయాయి. మెరుపు కాగితం మీద, నా చేత్తో. "చి. ఇమ్మానుయేలు మునిరత్నం, చి.ల.సౌ. వాణి" అని, కింద చర్చి పేరు, పాస్టరుగారి పేరు, అన్నీ. వాటిని పక్కన పెట్టలేదు. నీ ఉత్తరం అందిన రోజే ఒక కట్ట ఆయన ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపాను. ఆఫీసరుకు, బల్ల బల్లకూ, అటెండరుకు కూడా. పైన ఒక చీటీ పెట్టాను: "మా బావగారు సిగ్గరి. ఆయన పిలవకపోయినా మీరందరూ రావాలి. పల్లెలో కూర్చుని భోంచేయడానికి అభ్యంతరం లేనివాళ్లందరికీ ఇదే ఆహ్వానం. ఇట్లు, పెళ్లికూతురి తమ్ముడు."

ఇప్పుడు ఎలా దాచుకుంటాడో చూస్తాను. దాచుకోలేక మంచివాడైతే కాళ్లు కడిగి లోపలికి పిలుస్తాను. ప్రతిజ్ఞ కూడా ఒక పేజీకి తగ్గించాను.

భీమరావు

*

కుప్పం,
జనవరి 1998

భీమా,

నీ కార్డులు అందాయి. చాలా అందంగా ఉన్నాయి. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు.

ఇది కూర్చుని చదువు.

ఆయన సిగ్గుపడలేదు. మన అమ్మను చూడ్డానికి రెండుసార్లు తనొక్కడే మదనపల్లె పోయాడు. ఆస్పత్రి వెనక బావి దగ్గర కూర్చుని, ఆమె దుప్పట్లు పిండుతుంటే రెండో కొస పట్టుకున్నాడు. నీకు చెప్పొద్దని అమ్మే అంది. నువ్వు దాన్ని కూడా కరపత్రంలో వేస్తావని.

ఆయన ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. కాగితాల్లో హిందువు, మునిరత్నం. చర్చిలో ఇమ్మానుయేలు. క్రైస్తవుడైతే ఎస్సీ కాడు, బీసీ-సి అంటారు. నాకంటే నీకే బాగా తెలుసు. ఇది నువ్వు అచ్చేసిన సంగతే. ఊరి బయట అదే గుడిసె, తాగేది అవే నీళ్లు, పిలిచే పేరు కూడా అదే. ఒక్క ఆదివారం పాటతో అదంతా పోయిందని కాగితం అంటుంది. మదనపల్లెలో చేసుకుంటే ఇక్కడ ఎవరికీ తెలియదులే అనుకున్నాం. కుప్పానికి కార్డులు వద్దన్నది అందుకే. నవంబరు చివర్లో ఎవరో ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరం రాశారు, ఈయన చర్చికి పోతాడని. పేరులేని ఉత్తరం కదా, రుజువు లేదు కదా, కొన్నాళ్లు అణిగి ఉందాం అనుకున్నాం. అందుకే సోమల, అందుకే ఎర్రచీర.

రుజువు నువ్వు పంపావు. బల్ల బల్లకూ.

నీకు ముందే చెప్పి ఉంటే? రోజూ అదే అనుకుంటున్నా. చెప్పలేదు. నువ్వు ఇది తెలిస్తే ఊరుకోవు, దాక్కోవడం ఎందుకు, ఎదురు తిరగండి అంటావు, రోడ్డెక్కుతావు అనుకున్నాను. నీ కోపానికి భయపడి చెప్పలేదు. చెప్పకపోతేనే అది అటు తిరిగింది.

ఆఫీసరు మంచివాడే. కార్డు ఈయన ముందు పెట్టి, "ఇది నీదేనా, కాదా? రాసి ఇవ్వు" అన్నాడట. ఒకరోజు గడువిచ్చాడు. ఈయన ఆ సాయంత్రం రైల్వేస్టేషన్‌కు వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాం. "నాదే అని రాసిస్తా వాణీ. పోతే పోనీ. కూలికి పోతా. మా నాయన పోలేదా?" అన్నాడు. వాళ్ల నాయనకు ఇప్పుడు చూపు లేదు. చెల్లెలు పదో తరగతి. ఇంట్లో ఇంకెవరూ సంపాదించరు.

నేనే వద్దన్నాను. ఏం రాయాలో నేనే చెప్పాను. పెన్ను ఆయనది, మాటలు నావి. "ఈ కార్డుతో నాకు సంబంధం లేదు. ఈ అమ్మాయి ఎవరో నాకు తెలియదు." 'ఎవరో' దగ్గర ఆయన చెయ్యి ఆగింది. రాయమన్నాను. బెంగుళూరు బండి వచ్చి నిలబడి పోయిందాకా ఆ ఒక్క వాక్యం మీదే ఉన్నాం.

ఉద్యోగం నిలిచింది.

ఇక ఏ చర్చిలో, ఏ పందిట్లో చేసుకున్నా ఆ కాగితం అబద్ధమవుతుంది. ట్రాన్స్‌ఫర్ అడిగాడు. నిన్న వార్డులోకి వచ్చాడు. చుట్టూ పేషెంట్లు. నన్ను "సిస్టర్" అని పిలిచాడు. నారింజపండ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

నువ్వు ఇక్కడికి రావొద్దు. ఆఫీసుకు అసలు పోవద్దు.

వాణి

*

పుంగనూరు,
జనవరి 1998

అక్కా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టాను. మొదటిది పోట్లాట. చట్టం మీద, ఆఫీసు మీద, ఆకాశరామన్న మీద. రాసింది అంతా నిజమే. చివర నీ పేరు రాయాల్సి వచ్చేసరికి చించేశాను.

పోయినేడు ఆ కరపత్రం పేర్చింది నేనే. "మతం మారితే ఊరి చివర గుడిసె మారిందా?" అని. ఒక్కొక్క అక్షరం ఈ వేళ్లతోనే ఏరి పెట్టాను. ఒక మనిషి సైకిలు దిగి నారింజపండ్లు పట్టుకుని మన ఇంటికి వస్తాడని, అది ఆయన కథేనని ఒక్కసారి కూడా తట్టలేదు.

నేను పోయి చెప్తాను. కార్డు నా తుంటరి పని, పెళ్లీ లేదు, ఏమీ లేదు, నాకు పిచ్చి అని రాసిస్తాను. జైల్లో పెట్టుకోమంటాను. రమ్మను, ఇద్దరినీ గుర్రంకొండ కోట ఎక్కించి ఎవరూ లేనిచోట దండలు మార్పిస్తాను. నువ్వు ఏది చెప్తే అది చేస్తాను. ఒక్కసారి తిట్టు. నీ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. నాకు అదే భయంగా ఉంది.

గోపాలస్వామి మిగిలిన కార్డులు చూసి "ఇవేం చేస్తామప్పా?" అన్నాడు. ఆయనే తీసుకుపోయి, చప్పుడు కాకుండా కటింగు మిషను కింద పెట్టాడు.

భీమ

*

కుప్పం,
జనవరి 1998

భీమా,

తిట్టడానికి కూర్చున్నాను. రాలేదు. నిన్ను చిన్నప్పుడు నేనే ఎత్తుకుని తిప్పాను, తిట్టాలంటే ముందు ఆ పిల్లాడు కనిపిస్తాడు. కొన్నాళ్లు నీ ఉత్తరాలు చదవలేను. అది తిట్టనుకో.

కోటలూ దండలూ వద్దు. నాకు దొంగపెళ్లి వద్దు. అందరి ముందు నడవాలనే కదా ఇదంతా.

నీకు రెండు పనులు చెప్తున్నా.

అమ్మకు నువ్వే చెప్పాలి. నేను చెప్దామని రెండుసార్లు బస్టాండుకు పోయి, మదనపల్లె బస్సు కదిలిందాకా నిలబడి, తిరిగి వచ్చాను. ఆమె మొహం చూడలేను.

రెండోది. గుర్రంకొండ పిల్లకు పెళ్లి ఉందని, నాకు అక్కర్లేకపోతే గౌను వాళ్లకు పంపుతానని శాంతమ్మ టీచరు కబురు పెట్టింది. పంపెయ్యమను. దానికి ముందు అంచులో పేరు కుట్టించు. పద్ధతి నువ్వే రాశావు, ఒంటికి సరిచూసినోళ్లే కుట్టాలని. ఈసారి ఆ గౌను ఎక్కింది ఒక్కరి ఒంటికే. నాది కాదు.

అమ్మ పేరు కుట్టించు.

వాణి

*

మదనపల్లె,
ఫిబ్రవరి 1998

అక్కా,

చదవనన్నావు. ఇది దాచి ఎప్పుడైనా చదువు.

నిన్న మధ్యాహ్నం టీచరు ఇంటికి పోయాం. అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నువ్వు రాలేకపోయావని, గౌను సర్ది పెట్టాలని మాత్రం చెప్పి తీసుకుపోయాను. దారంతా నీ పెళ్లి మాటలే. ఆటోకు ఏ రంగు రిబ్బన్లు, పాయసం బెల్లంతోనా చక్కెరతోనా. నేను ఊఁ కొడుతూ నడిచాను. చర్చి దగ్గర చెప్దాం, మలుపు దగ్గర చెప్దాం, గేటు దగ్గర చెప్దాం అనుకుంటూ. ఎంతమంది ముందైనా మాట్లాడే నోరు నాది. చెప్పకుండానే టీచరు తలుపు తట్టాను.

టీచరు గౌను తెచ్చి మంచం మీద పరిచింది. గౌను సంగతి మాట్లాడడానికి నేను ముందే పోయాను కాబట్టి ఆమెకు అంతా తెలుసు, మొహం అటు తిప్పుకుంది. అమ్మ కొంగులో నుంచి సూదీ దారం తీసింది. "వాణి రాలేదు గదా, పేరు నువ్వు పెన్సిలుతో రాసియ్యప్పా. దాని మీదనే నేను సూది పోనిస్తా. అక్షరం రాకపోయినా గీత మీద పొయ్యేది రాదా నాకు" అంది.

నేను అంచు తిప్పి రాశాను.

అమ్మ బట్టను వెలుతురుకు పట్టుకుంది. సూదికి దారం ఎక్కించుకుంది. ముడి వేసింది. మొదటి అక్షరం మీద సూది మోపి ఆగిపోయింది. కళ్లు దగ్గరగా పెట్టి చూసింది. మళ్లీ చూసింది. వేలితో మొదటినుంచి చివరిదాకా తడిమింది. ఆమెకు లోకంలో చదవడం వచ్చిన మాట అదొక్కటే కదక్కా.

"ఇది నా పేరు గదప్పా" అంది.

నేను తల ఎత్తలేదు.

కిటికీ బయట బడి పిల్లలు అరుస్తున్నారు. నా తల మీద చెయ్యి పెడుతుందనో, కొడుతుందనో ఎదురుచూశాను. ఏదీ చేయలేదు.

"అక్కకు తెలుసా?" అంది చివరికి.

"అక్కే రాయమనింది."

"ఆ పిల్లోడు బాగుండాడా?"

బాగున్నాడన్నాను. ఉద్యోగం ఉందన్నాను.

"సరేలే" అంది.

ఆ సరేలే నాకు తెలుసక్కా. నువ్వు రాసిన ఉత్తరంలో ఉంది.

కుట్టింది. తల వంచుకుని, ఒక్కొక్క అక్షరం మీద, పెన్సిలు గీత పక్కకు పోకుండా. కన్నీళ్లు వచ్చినప్పుడల్లా బట్టను ఒళ్లో నుంచి పక్కకు జరిపి, కొంగుతో తుడుచుకుని, మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఒక్క చుక్క కూడా గౌను మీద పడనివ్వలేదు. గుర్రంకొండ పిల్ల కట్టుకోవాలి కదా.

చివరి ముడి వేసి, దారం పంటితో తెంపి, అంచును మళ్లీ లోపలికి మడిచింది.

బయటికి ఏమీ కనిపించడం లేదు.

భీమ